పలక పగలకూడదు, మనిషి అలవకూడదు: గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీ నడిపేవాళ్ళకు

చీమకుర్తి నుంచి ఒంగోలు దాకా, అటు గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్ దాకా ఏ పాలిష్ ఫ్యాక్టరీ మేనేజర్ని కదిలించినా వినపడే మాటలు రెండే. పలకలు విరుగుతున్నాయి, పనివాళ్ళు నిలబడటం లేదు. రెంటికీ కారణం "వాళ్ళకి శ్రద్ధ లేదు" అని తేల్చేస్తారు. ఒంట్లో ఓపిక ఉన్నంతసేపే శ్రద్ధ ఉంటుంది. రేకుల షెడ్డు కింద మే నెల మధ్యాహ్నం, కాళ్ళు తడిలో, చెవుల్లో కట్టర్ మోత, పైగా అడుగుల లెక్కన కూలి. ఆ స్థితిలో అంచు చిట్లితే అది మనిషి తప్పా, పని పెట్టిన తీరు తప్పా అని ముందు తేల్చుకోవాలి. అది తేలాకే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ముందు రెండు వారాలు లెక్క రాయండి

ఏమీ మార్చకుండా రెండు వారాలు ఒక నోట్‌బుక్ నడపండి. షిఫ్టుకు ఒక పేజీ. ఎంతమంది వచ్చారు, ఎంతమంది రాలేదు, ఎన్ని చదరపు అడుగులు తీశారు, ఏ పలక విరిగింది లేదా చిట్లింది, ఏ మెషీన్ మీద, ఎన్ని గంటలకు. చిన్న దెబ్బలూ, తగలబోయి తప్పినవీ కూడా అందులోనే రాయాలి. గంట రాయకపోతే ఆ పుస్తకం దండగ.

రెండు వారాల తర్వాత దాన్ని ఇలా చదవాలి. నష్టం మధ్యాహ్నం ఒంటిగంట, నాలుగు మధ్య పోగుపడితే అది వేడి. ప్రతి షిఫ్టులోనూ చివరి రెండు గంటల్లో పెరిగితే అలసట, అంటే షిఫ్టు నిడివినీ విరామాలనూ చూసుకోవాలి. షిఫ్టు మారిన మొదటి అరగంటలో జరుగుతుంటే దిగిపోయేవాడు ఎక్కేవాడికి ఏమీ చెప్పకుండా వెళ్తున్నాడు. గంటతో సంబంధం లేకుండా ఒకే మెషీన్ మీద పడుతుంటే మనిషిని వదిలేసి బ్లేడు, బేరింగు, బెల్టు చూడండి. బట్వాడా (కూలి చెల్లింపు) మర్నాడే హాజరు పడిపోతుంటే బట్వాడా రోజును వారం మధ్యకు జరిపి చూడండి. ఖర్చు లేని పని, చాలాచోట్ల కొంత తేడా ఇస్తుంది.

కూలి లెక్క సరిచేయకుండా విరామం ఇవ్వకండి

చాలా ఫ్యాక్టరీల్లో మంచి ఉద్దేశంతో మొదలుపెట్టినవి ఇక్కడే చస్తాయి. "షిఫ్టులో ఐదుసార్లు పది నిమిషాలు కూర్చోండి, నీళ్ళు తాగండి" అని బోర్డు పెడతారు. ఎవరూ కూర్చోరు. ఎందుకు కూర్చోరో లెక్క వేస్తే తెలుస్తుంది.

పలక అంచు నునుపు చేసే ఎడ్జ్ పాలిష్‌కి అడుగుకు 8 రూపాయలు ఇస్తున్నారనుకుందాం. మనిషి 8 గంటల్లో 100 అడుగులు తీస్తే 800. పది నిమిషాల చొప్పున ఐదు విరామాలంటే 50 నిమిషాలు. ఆ కాసేపు మెషీన్ ఆపితే తనకు 83 రూపాయలు పోతాయని అతనికి నోటి లెక్కే. మీ బోర్డు మీద అతని జేబు నుంచి 83 రూపాయలు తీస్తున్నామని రాసి ఉన్నట్టే లెక్క.

రేటు పెంచితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అడుగుకు 93 పైసలు పెంచితే లెక్క సరిపోతుంది కూడా. కానీ పెరిగిన రేటుకు విరామం ఎగ్గొట్టి పనిచేస్తే ఇంకా ఎక్కువ వస్తుంది, అందరూ అదే చేస్తారు. అందుకే విరామం కూలిని విడిగా ఇవ్వాలి. నీడలో కూర్చున్న ప్రతి విరామానికీ సూపర్‌వైజర్ ఒక టోకెన్ ఇస్తాడు, బట్వాడాలో టోకెన్లు లెక్కగట్టి ఇస్తారు. పైలెక్క ప్రకారం టోకెన్ విలువ 17 రూపాయలు. ఇరవై మంది ఉన్న షెడ్డుకు రోజుకు 1,700. మీ నోట్‌బుక్‌లో విరిగిన పలకల విలువ పక్కన ఈ అంకె పెట్టి చూసుకోండి. కూర్చున్నవాళ్ళ పని 50 నిమిషాల మేరకు పూర్తిగా పడిపోదు. ఆఖరి గంటల్లో చెయ్యి నిలకడగా ఉండటంతో కొంత తిరిగి వస్తుంది.

విరిగిన పలకకు కూలి కోయడం మానుకోండి. కోత ఉన్నచోట పలకలు విరగడం తగ్గదు, విరిగినట్టు చెప్పడం తగ్గుతుంది. వెంట్రుకంత పగులును రెసిన్‌తో పూడ్చి పైన పాలిష్ కొట్టేస్తారు. అది కంటైనర్ ఎక్కి, కొన్నవాడి దగ్గర బయటపడుతుంది. పైగా నిర్లక్ష్యం నేరుగా రుజువు కాకుండా, అతని మాట వినకుండా నష్టం కింద కూలి కోయడానికి వేతన చట్టం ఒప్పుకోదు.

ఎండ

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మన ప్రకాశం జిల్లాలో ఎండకు సముద్రపు ఉక్క కూడా తోడవుతుంది. చెమట పడుతుంది, ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. కాబట్టి థర్మామీటరులో అంకె ఒక్కటే చూసి "నిన్నటికంటే తక్కువే కదా" అనుకోవద్దు.

నీళ్ళ లెక్క: ప్రతి 20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే సుమారు 250 మిల్లీలీటర్లు. గంటకు ముప్పావు లీటరు, 8 గంటలకు 6 లీటర్లు. ఇరవై మందికి 120 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఆరు. ఆఫీసు గది దగ్గర ఒక్క క్యాను పెట్టి నీళ్ళు ఉన్నాయంటే కుదరదు. మెషీన్ నుంచి ఇరవై అడుగుల లోపు ఉంటేనే తాగుతారు. దాహం వేసినప్పుడు తాగుదామనుకుంటే అప్పటికే ఆలస్యం. అలాగని ఒకేసారి కడుపు నిండా తాగడమూ ప్రమాదమే, గంటకు లీటరున్నర దాటకూడదు.

బాగా చెమటోడ్చేవాళ్ళకు ఉత్త నీళ్ళే అయితే పిక్కలు పట్టేస్తాయి. పూటకు రెండుసార్లు ఉప్పేసిన మజ్జిగ ఇవ్వండి. నిమ్మరసం మంచిదే, పొదలకూరు కాయ మనకు దగ్గరే, కానీ సరిగ్గా అవసరమైన ఏప్రిల్, మే నెలల్లోనే దాని ధర కొండెక్కుతుంది, కాబట్టి మజ్జిగనే నమ్ముకోండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు అయిపోతే లీటరు మంచినీళ్ళలో తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు చెయ్యి జారితే మేలు కంటే కీడెక్కువ. బీపీ మందులు వాడేవాళ్ళు ఉప్పు సంగతి డాక్టరును అడగాలి. కూల్‌డ్రింకులు, ఎనర్జీ డ్రింకులు నీళ్ళ లెక్కలోకి రావు.

విరామానికి చోటు కావాలి. రేకుల షెడ్డులోనే ఒక మూల కుర్చీలేస్తే అది విరామం కాదు. షెడ్డు బయట, గాలి తగిలే వైపు తాటాకు పందిరి వేయించండి. కింద నీళ్ళు చల్లి, ఒక డ్రమ్ముతో నీళ్ళు, తువ్వాళ్ళు పెట్టండి. ముఖం, మెడ, ముంజేతులు తడుపుకొని ఫ్యాను ముందు కూర్చుంటే పది నిమిషాల్లో తేడా తెలుస్తుంది. తడి లేకుండా ఉత్త ఫ్యాను పెడితే నడి ఎండలో వడగాలినే మొహాన కొడుతుంది. షెడ్డు రేకులకు వేసవి ముందే తెల్లటి కూల్ పెయింట్ వేయించండి. సున్నమైనా పనిచేస్తుంది గానీ వానాకాలానికి పోతుంది, ఏటా వేయాలి.

మే నెలలో షిఫ్టు తెల్లవారుజామున ఐదున్నరకు మొదలుపెట్టి, లోడింగు లాంటి మోత పనులు పదిన్నరలోపు ముగించండి. మిగిలిన లోడింగు సాయంత్రం ఐదు తర్వాత.

కొత్తవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. వడదెబ్బ ప్రమాదం ఎక్కువగా ఉండేది మొదటి రోజుల్లోనే, ఒళ్ళు ఇంకా అలవాటు పడదు గనుక. కొత్తగా చేరినవాడికి మొదటి రోజు ఎండలో పని ఐదో వంతే ఇవ్వాలి, రోజుకో ఐదో వంతు పెంచుతూ ఐదో రోజుకు పూర్తి పని. ఊరెళ్ళి వచ్చిన పాతవాళ్ళకూ ఇది వర్తిస్తుంది. వాళ్ళకు సగంతో మొదలుపెట్టి నాలుగో రోజుకు పూర్తి చేయవచ్చు. "పదేళ్ళుగా చేస్తున్నాడు, వాడికేంటి" అనే మాట ఇక్కడ చెల్లదు.

మనిషి తడబడుతూ మాట్లాడినా, అడిగినదానికి పొంతన లేని జవాబిచ్చినా, తూలినా అది వడదెబ్బ అనుకోండి. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదనుకోవడం పొరపాటు. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. 108కి ఫోన్ చేస్తూనే నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒంటిమీద బక్కెట్లతో నీళ్ళు పోసి, ఫ్యాను తిప్పి, మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు గుడ్డ పెట్టాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోయకూడదు.

దుమ్ము

"మనది గెలాక్సీ, దాంట్లో సిలికా ఎక్కడిది" అనే మాట సగమే నిజం. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటాం గానీ అది గాబ్రో జాతి రాయి, సిలికా ఉండే క్వార్ట్జ్ ఖనిజం చాలా తక్కువ. కానీ అదే షెడ్డులో ఎర్ర రాయి, బూడిద రంగు రాయి కూడా కోస్తారు. అసలైన గ్రానైట్‌లో క్వార్ట్జ్ మామూలుగా ఐదో వంతు, అంతకంటే ఎక్కువే ఉంటుంది. కిచెన్ ప్లాట్‌ఫారాలకు వాడే కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో అయితే 90 శాతం దాకా. ఏ రాయి కోస్తున్నారన్నదాన్ని బట్టి ప్రమాదం మారుతుంది.

ఊపిరితిత్తుల అడుగుకు చేరే దుమ్ము కంటికి కనిపించదు. కంటికి కనిపించే తెల్లటి పొగ తగ్గిందంటే పని అయిపోయినట్టు కాదు. సిలికోసిస్ అంటే సిలికా దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, బయటపడటానికి ఏళ్ళు పడుతుంది, వచ్చాక తగ్గదు, క్షయ సోకే అవకాశాన్ని పెంచుతుంది. అది వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 మూడో షెడ్యూలులో ఉన్న జబ్బు, బయటపడితే అధికారులకు తెలపాల్సిందే.

పెద్ద కట్టర్లు, లైన్ పాలిషర్లు ఎలాగూ నీళ్ళతోనే నడుస్తాయి. చిక్కంతా చేతి గ్రైండర్‌తో. మూల సరిచేయడానికి, సింకు కంత కోయడానికి ఒక్క నిమిషం పొడిగా నడిపిన గ్రైండర్ షెడ్డంతా దుమ్ము చేస్తుంది. నీళ్ళ పైపు అమర్చిన గ్రైండరే వాడాలి. కోతకు నిమిషానికి కనీసం అర లీటరు, అదీ బ్లేడు రాయిని తాకేచోట పడాలి. గార్డు మీద పడి కారిపోతే లాభం లేదు. తడిలో కరెంటు భయం నిజమే. గాలితో నడిచే గ్రైండర్లు కొంటే ఆ బాధ ఉండదు. కొనలేకపోతే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్) లేని ప్లగ్గుకు తడి పనిముట్టు తగిలించకండి. ఆర్‌సీసీబీకి ఉన్న టెస్ట్ మీట నెలకోసారి నొక్కి, పడిపోతుందో లేదో చూడాలి.

రెండో చిక్కు స్లర్రీ, అంటే రాతి పొడి కలిసిన నీళ్ళు. తడిగా ఉన్నంతసేపు అది బురద. ఎండితే అదే దుమ్ము, ట్రాలీ చక్రాల కింద నలిగి లేస్తుంది. షిఫ్టు దిగేముందు తడిమీదే కడిగేయాలి, చీపురుతో ఊడవకూడదు. కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవడం పూర్తిగా నిషేధించండి. ఐదు సెకన్లలో పని అయిపోతుంది కాబట్టే అందరూ అలా చేస్తారు. షెడ్డు బట్టలు ఇంటికి తీసుకెళ్ళకుండా అక్కడే మార్చుకోవడానికి గదీ, కొళాయీ ఇవ్వండి.

ఇవన్నీ చేశాక మాస్కు. ముఖానికి కట్టుకున్న కండువా ఈ దుమ్మును ఆపదు. ఎన్95 మాస్కు అయితే రెండు పట్టీలూ తల వెనక్కి పోవాలి, ముక్కు మీద రేకు రెండు చేతుల వేళ్ళతో అదమాలి, గట్టిగా ఊదితే అంచుల్లోంచి గాలి తగలకూడదు. గడ్డం ఉంటే అంచు అతుక్కోదు. తడిస్తే మార్చాలి, అంటే తడి పనిలో మనిషికి రోజుకు ఒకటి చాలకపోవచ్చు.

చేరినప్పుడు ఒక ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించి, తర్వాత ఏటా చేయించండి. కాగితాల నకలు మనిషికి ఇవ్వాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు సర్కారు ఆసుపత్రిలో కళ్ళె పరీక్ష ఉచితం, ఆ పూట కూలి ఇచ్చి పంపండి.

బరువు

గెలాక్సీ ఘనపు మీటరు దాదాపు 3 టన్నులు. 2 సెంటీమీటర్ల మందం పలక చదరపు అడుగుకు ఐదున్నర కిలోలు, 3 సెంటీమీటర్లదైతే ఎనిమిది పైనే. ఈ రెండు అంకెలూ లోడింగు గోడ మీద పెద్దగా రాయించండి. 2 సెంటీమీటర్ల మందంలో రెండడుగుల చదరం పలక 22 కిలోలు, ఒక మనిషి నడుము ఎత్తులో పట్టుకోగలిగేది అంతవరకే. మూడు బై రెండు పలక 33 కిలోలు, ఇద్దరు పట్టాలి. అంతకు మించితే వ్యాక్యూమ్ లిఫ్టరో క్లాంపో. తొమ్మిది బై ఐదు పలక 250 కిలోలు, దాన్ని నలుగురు కలిసి "కాస్త" జరపడం కూడా తప్పే.

రాళ్ళ ఫ్యాక్టరీల్లో ప్రాణాలు తీసేది ఎక్కువగా ఈ నిలబెట్టిన పలకలే. ఏ-ఫ్రేమ్ (పలకలను ఆనించి నిలబెట్టే స్టాండు) మీద రెండు వైపులా బరువు సమంగా ఉండాలి. తీసేటప్పుడు ఒకే వైపు ఖాళీ చేస్తే ఫ్రేమే తిరగబడుతుంది, అటొకటి ఇటొకటి తీయాలి. పలక వాలితే పడే చోటును నేల మీద పసుపు రంగు గీతతో గుర్తించండి, పలక కదులుతున్నప్పుడు ఆ గీత లోపల ఎవరూ ఉండకూడదు. పడుతున్న పలకను చేత్తో ఆపబోవడం సహజంగా వచ్చే పని, అదే చంపుతుంది. "పడితే పడనీ, పక్కకు తప్పుకో" అని యజమానే నోటితో చెప్పాలి. విరిగిన పలకకు కూలి కోసే చోట ఆ మాటను ఎవరూ నమ్మరు.

ఎడ్జ్ పాలిష్ బల్ల ఎత్తు మోచేతికి 15 సెంటీమీటర్ల కింద ఉంటే నడుము వంగదు. అందరూ ఒకే ఎత్తు ఉండరు కాబట్టి పొట్టివాళ్ళకు చెక్క పీట వేయండి.

మోత, తడి, రెసిన్

చేయి చాపినంత దూరంలో ఉన్నవాడితో అరిచి మాట్లాడాల్సి వస్తే అది చెవికి చేటు చేసే మోత. మన నిబంధనల్లో 90 డెసిబెల్స్‌కు 8 గంటలు హద్దు, 95కు 4, 100కు 2, అలా ఐదు పెరిగితే సమయం సగం. నురగ ప్లగ్గును సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి, లోపల పెట్టి అరనిమిషం పట్టుకోవాలి. బయటికి వేలాడుతుంటే పెట్టనట్టే.

గమ్‌బూట్లలో నీళ్ళు పోతే కాలివేళ్ళ మధ్య చెడుతుంది. మధ్యాహ్నం మార్చుకోవడానికి రెండో జత సాక్సులు ఇవ్వండి. రెసిన్ పూసేవాళ్ళకు బట్ట గ్లౌజులు వద్దు, రెసిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ వాటిలోంచి ఇంకి చర్మానికి పట్టుకుంటుంది, నైట్రైల్‌వే కావాలి. చేతులకంటిన రెసిన్‌ను థిన్నర్‌తో కడగడం అలవాటైపోయింది. అది దురదను ముదరబెడుతుంది. నూనె రాసి, సబ్బుతో కడగాలి.

నిద్ర, గది, సెలవు

ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్ళు ఫ్యాక్టరీ గదుల్లోనే ఉంటారు. రాత్రి షిఫ్టువాళ్ళనూ పగటి షిఫ్టువాళ్ళనూ ఒకే గదిలో పెడితే ఇద్దరికీ నిద్ర ఉండదు. గదులు షిఫ్టుల వారీగా విడగొట్టండి. రాత్రి షిఫ్టువాళ్ళకు రేకుల గది కాకుండా శ్లాబు గది ఇచ్చి, కిటికీలకు మందపాటి తెరలు, ఒక కూలర్ పెట్టండి. షిఫ్టులు మార్చేటప్పుడు ఉదయం నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి రాత్రికి, ఇదే వరుసలో మార్చాలి. వెనక్కి తిప్పితే ఒళ్ళు అలవాటు పడదు. రాత్రి రెండు, నాలుగు మధ్య గ్యాంట్రీ క్రేన్ మీద పెద్ద పలకలు ఎత్తే పని పెట్టకండి. ఆ వేళలో 20 నిమిషాలు కునుకు తీయనిస్తే మంచిదే, లేచిన పది పదిహేను నిమిషాల దాకా మెషీన్ ఎక్కనివ్వకండి.

జాగ్రత్తలు తెలుగులో మాత్రమే రాసి ఉంటే సగం మందికి అవి గోడ మీద గీతలే. హిందీ, ఒడియాల్లోనూ రాయించండి, బొమ్మలు వేయించండి. షిఫ్టు ముందు ఐదు నిమిషాలు ఒక్క విషయమే మాట్లాడండి, నిన్న తగలబోయి తప్పిన దాని గురించి. సెలవుల క్యాలెండర్ జనవరిలోనే వేసుకోండి. సంక్రాంతికి మనవాళ్ళు, జూన్ మధ్యలో రజ పండుగకు ఒడిశావాళ్ళు, దీపావళి తర్వాత ఛఠ్‌కు బీహార్‌వాళ్ళు వెళ్ళాలనుకుంటారు. ముందే ఒప్పుకుంటే చెప్పి వెళ్తారు, తిరిగొస్తారు. ఇవ్వకపోతే చెప్పకుండా వెళ్తారు, వేరే ఫ్యాక్టరీలో చేరతారు. తాగుడు, దిగులు, ఇంటి గొడవలతో కుదేలైనవాళ్ళకు ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 చెప్పండి, తెలుగులోనూ హిందీలోనూ మాట్లాడతారు.

పది మంది ఉన్న ఫ్యాక్టరీకి ఉద్యోగుల బీమా పథకం ఈఎస్‌ఐ వర్తిస్తుంది, నెలకు 21,000 దాకా జీతం ఉన్నవాళ్ళందరికీ. యజమాని వాటా 3.25 శాతం, పనివాడిది 0.75. అర్హత నిండాక జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం కూలి, పనిలో దెబ్బ తగిలితే కోలుకునే దాకా 90 శాతం వస్తుంది. ముఠా మేస్త్రి తెచ్చిన మనుషులను "మావాళ్ళు కాదు" అనడం కుదరదు, మేస్త్రి కట్టకపోతే ఫ్యాక్టరీ కట్టాలి. పది మంది ఉంటే చాలు, ఆడవాళ్ళపై లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ కూడా ఉండాలి, దానికి అధ్యక్షురాలు మహిళే అయి ఉండాలి. ఊడ్చేవాళ్ళు, వంటవాళ్ళు, ఆఫీసువాళ్ళు అందరూ ఆ పది మంది లెక్కలోకి వస్తారు. అదనపు గంటలకు రెట్టింపు కూలి, బట్వాడాతో పాటు టోకెన్ల లెక్క కూడా చూపించే చీటీ ఇస్తే నెలాఖరున ఆఫీసు ముందు తగాదాలు చాలావరకు ఉండవు.